దారి అడిగిన షెడ్డు

మూడో పట్టీ దగ్గర వేలు ఆగింది. డ్రైవరు నిదానం జీపు కింద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, బండి బరువు మోసే వెనక కమాను పట్టీల అంచుల్ని ఒక్కొక్కటే తడుముకుంటూ వస్తున్నాడు. బండి కింద కళ్ళతో పెద్దగా పనుండదు, ఎండిన బురద పెళ్ళలు రాలి రెప్పల్లో పడటం తప్ప. పట్టీ పగిలితే ముందు వేలికి తెలుస్తుంది, వారానికి కంటికి తెలుస్తుంది, ఆ పైవారం ఊరందరికీ తెలుస్తుంది. ఇప్పుడు తగిలింది పగులు కాదు, గట్టిపడిన గ్రీజు చార. గోటితో గీకి, జేబులోంచి పాతగుడ్డ తీసి వేలు తుడుచుకుని, నాలుగో పట్టీకి పోయాడు.

"అయ్యిందా అన్నా? ఇవాళ కొండెక్కేది కూడా లేదు కదా," అన్న గొంతు వినిపించింది. కళ్ళు తెరిస్తే నర్సమ్మ చెప్పులు కనిపించాయి, మడమల వైపు అరిగిపోయి.

"పస్తున్న రోజు పళ్ళు తోముకోవా?" అన్నాడు కిందనుంచే.

ఆసుపత్రి కొండ కింద ఉంది. రోగులు కొండ మీద ఉన్నారు. మధ్యలో ఇరవై రెండు మలుపులు, ఒక జీపు, ఒక డ్రైవరు. ఆ డ్రైవరుకు ఒక పేరుండేది. దాన్ని పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, ఇప్పుడు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. అందరికీ అతను నిదానం. కొండదారిలో నీ బండిని గేదెలు దాటిపోయాయటగా అని వెనకటికి ఎవరో వెక్కిరిస్తే, "అవి ఖాళీగా పోతున్నాయి, నేను మనుషుల్ని ఎక్కించుకున్నాను" అన్నాడట. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అతను అన్న మాటల్లో జనానికి గుర్తున్నది అదొక్కటే. పొట్టి మనిషి. కిటికీ వైపుండే కుడి మోచెయ్యి ఎడమదానికన్నా రెండు వన్నెలు నలుపు. మెట్లు దిగేప్పుడు ఎడమ మోకాలు టిక్కుమంటుంది. నోట్లో నాలుక లేనివాడని ఆఫీసులో అనుకుంటారు. ఉంది గానీ వాడకం తక్కువ.

సాయంత్రం అయిదింటికి అతని ఉద్యోగం అయిపోతుంది. జీపుకు మాత్రం ఇవాళే కొత్త జీవితం మొదలవుతుంది. రాళ్ళదారికి తగ్గట్టు బండిని మార్చమని పైనుంచి మంజూరైంది. ఎత్తు పెంచాలి, పెద్ద టైర్లు వెయ్యాలి, ముందు ఇనప బంపరు, బురదలో దిగబడితే లాక్కునే వించి, నెత్తిన లైట్లు. ఏ షాపులో చేయించాలో తేలడమే మిగిలింది.

ఆఫీసు గదిలో సూపరింటెండెంటు ఆ సంగతి కూడా తేల్చేసి పెట్టాడు. ఫారం మీద పెద్దరోడ్డు అద్దాల షాపు పేరు టైపు కొట్టించి, కలం మూత తీసి మరీ అందించాడు.

"ఇక్కడ ఒక్క సంతకం పడెయ్యి. ఇవాళ్టితో నీకీ తలనొప్పులన్నీ వదిలిపోతాయి."

నిదానం కలం అందుకోలేదు. ఫారం అందుకున్నాడు. పల్లెటూరి బళ్ళో చదువుకున్నవాడు, చదివితే అక్షరం అక్షరం చదువుతాడు. చివరి గడిలో 'పని జరగవలసిన షాపు, డ్రైవరు ఎంపిక' అని ఉంది. ఆ గడి అక్కడికి ఊరికే రాలేదు. అతనికన్నా ముందు ఈ జీపు తోలినవాడు, ఎవరో సగం బిగించి పంపిన ఇరుసుతో లోయలోకి పోయాడు. అతని పెళ్ళాం ఏడు రోజులు ఈ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ఎనిమిదో రోజు ఒక పెద్దాఫీసరు వచ్చి ఆ రూలు రాసిపోయాడు. స్టీరింగు ముందు కూర్చునేవాడే షాపును ఎంచుకోవాలి. ఒకసారి ఎంచుకున్నాక రద్దు చెయ్యాలన్నా సంతకం పెట్టినవాడే చెయ్యాలి. ఆఫీసరు పోయాడు, రూలు మిగిలింది. ఆ తర్వాత ఎవరూ దాన్ని చదివిన పాపాన పోలేదు. పేరు వీళ్ళే కొట్టిస్తారు, డ్రైవరు గీకుతాడు. నిదానం కూడా మూడుసార్లు అలాగే గీకాడు.

"చూసొచ్చి పెడతాను సార్," అన్నాడు.

"ఏంటి చూసొచ్చేది? పెళ్ళిచూపులా? వాళ్ళు బండి తయారుచేస్తే గేటు ముందు ఫొటో తీసి పైకి పంపాలి. ఎట్లా ఉంటుందో తెలుసా ఆ షాపు? పడుకోవచ్చు నేలమీద."

"నేలమీద పడుకునే చూస్తాను సార్."

సూపరింటెండెంటు కుర్చీలో వెనక్కి వాలాడు. "రేపట్నించి బండి తోలేది వేరేవాడు. సాయంత్రానికి వెళ్ళిపోయేవాడివి, నీకెందుకయ్యా? కందకు లేని దురద కత్తిపీటకా?"

గుమ్మంలో మందుల పెట్టె పట్టుకుని నిలబడ్డ నర్సమ్మ లోపలికి తొంగిచూసింది. "కంద నేనే సార్. ఎడమ పక్క సీట్లో పందొమ్మిదేళ్ళుగా కూర్చునేదాన్ని. నాకుంది దురద."

పక్కగదిలో ఎవరో నవ్వి, దాన్ని దగ్గుగా మార్చారు. నిదానం టైపు కొట్టిన ఫారం బల్లమీద పెట్టేసి, కట్టలోంచి ఖాళీ ఫారం ఒకటి, మంజూరు జాబితా నకలు ఒకటి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు.

"అయిదింటికల్లా కాగితం నా ముందుండాలి. లేకపోతే రేపు కొత్తాయన చేత పెట్టిస్తా," అని వెనకనుంచి అరిచాడు సూపరింటెండెంటు.

అదే కదా భయం. కొత్తాయన పట్నంలో ఆఫీసరు కారు తోలినవాడు, చదును రోడ్డు మనిషి. ఏది ముందు పెడితే దానిమీద సంతకం పెడతాడు. బండి తప్పుడు చేతుల్లో పడితే ఇవాళ కాదు, రేపు కాదు, ఎప్పుడో ఒక వానపొద్దున ఏడో మలుపులో తెలుస్తుంది. ఆ మలుపు బండరాయి మీదుంటుంది, లోయ వైపుకి వాలుగా. ఎక్కేటప్పుడు ముందు ఎడమ చక్రం ఒక్క క్షణం నేలను వదిలేసి గాల్లో వేలాడుతుంది. ఎడమ చక్రం పైనే నర్సమ్మ సీటు.

పద్నాలుగేళ్ళ కిందట అక్కడే ఒక నట్టు ఊడి జీపు వెనక్కి జారింది. నిదానం దాన్ని కొండ గోడకేసి ఆనించి ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. నర్సమ్మ దిగి, పగిలిన సీసాలు ఏరి, "పద, నడుద్దాం, పైన నొప్పులు పడుతున్న పిల్ల ఉంది" అంది. ఇద్దరూ మిగతా పదిహేను మలుపులూ నడిచారు. ఆ సంగతి వాళ్ళిద్దరూ మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అద్దాల షాపులో నిజంగానే నేలమీద పడుకోవచ్చు. ముఖం కనపడేంత నున్నగా ఉంది. గోడలనిండా టైర్లు, ఒక్కొక్కదానికి ఒక్కో దీపం. చేతిలో పలక ఫోను పట్టుకుని ఒకతను ఎదురొచ్చాడు.

"రండి అంకుల్, రండి మేడమ్. నాలుగంగుళాల లిఫ్ట్, పెద్ద టైరు, బంపరు, వించి, లైట్లు, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. లైట్లు ఏ రంగు? తెలుపా, పసుపా?"

"లైట్లు తర్వాత. పని జరిగిన బండి ఒకటి చూడొచ్చా?"

ర్యాంపు మీద ఎర్రటి బండి ఒకటి ఎత్తి ఉంది, నాలుగు చక్రాలూ కిందికి వేలాడుతున్నాయి. నిదానం దానికిందికి వెళ్ళి తలెత్తి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. పలక ఫోను అతను రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. నిదానం వేలెత్తి ముందు చక్రం దగ్గర బ్రేకు గొట్టాన్ని తాకాడు. బట్టలారేసే తాడులా బిగిసి ఉంది, మీటితే మోగేట్టు. బండిని ఎత్తు చేశారు గానీ గొట్టాన్ని పొడుగు చెయ్యలేదు. నేలమీదున్నంతసేపు దానికేం కాదు. చక్రం గాల్లో వేలాడితే తెగుతుంది.

"ఈ గొట్టం ఇట్లాగే ఉంటుందా?"

"ఒక్క కంప్లయింటు కూడా రాలేదు అంకుల్."

"ఇవన్నీ ఎక్కడ తిరుగుతాయి?"

"ఎక్కువగా సిటీలోనే. లుక్కు కోసం పెట్టించుకుంటారు."

నిదానం తలాడించాడు. "ఈ నట్లు బిగించిందెవరు?"

అతను అటూ ఇటూ చూశాడు. "మా టీమ్, అంకుల్."

"టీముకి చేతులుంటాయి కదా బాబూ. ఆ చేతులెవరివి?"

అతను పలక ఫోనులో ఏదో వెతకసాగాడు. నర్సమ్మ ఈలోపు ఆ ఎర్రబండి పక్క సీటు వైపు చూసి, "పట్టుకోడానికి పిడి ఏదైనా వేస్తారా బాబూ? పందొమ్మిదేళ్ళుగా డాష్‌బోర్డు అంచు పట్టుకుని గోళ్ళు అరిగిపోయాయి," అని అడిగింది.

"ప్యాకేజీలో పిడి లేదు మేడమ్. కప్పు పెట్టుకునే హోల్డరు ఉంది."

బయటికొచ్చి జీపెక్కాక ఆమె పక్కున నవ్వింది. "ఏడో మలుపులో కప్పు పట్టుకుని కూర్చోవాలన్నమాట." నిదానం నవ్వలేదు. పైన పటారం, లోన లొటారం అని గొణుక్కుని గేరు వేశాడు.

రెండో షాపు అతని అక్కకొడుకుది. టైర్ల కొట్టు పక్కన రేకుల పందిరి. నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. మేనల్లుడు కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టి, మసిచేతులు చాపుకుంటూ వచ్చాడు.

"మామయ్యా! నువ్వొస్తావని పొద్దున్నుంచీ చూస్తున్నా. నా దగ్గరకి రాకుండా ఆ అద్దాల కొంపకి పోయావటగా? అమ్మకి తెలిస్తే గుమ్మం ఎక్కనివ్వదు."

"చూసి రావడానికి పోయాను రా."

"నాది చూడ్డానికేముంది, నీకు తెలియని చెయ్యా ఇది? కమాను కొక్కేలు రెండూ కోసి, కిందికి దింపి, చాసిస్‌కి ఏకంగా వెల్డింగ్ పెట్టేస్తా. జన్మలో ఊడదు. రేప్పొద్దున్నకల్లా బండి గుర్రంలా నిలబడుతుంది."

నిదానం పందిట్లో ఉన్న బండి కింద దూరాడు. చాసిస్ మీద వెల్డింగు కాకి రెట్టల్లా గుట్టలు గుట్టలుగా ఉంది. మధ్యలో ఇనుము అతకని ఖాళీలు. దాని పక్కనే, వెంట్రుకంత సన్నంగా, వేలికి తగిలింది. ఈసారి గ్రీజు కాదు.

ఇవతలికొచ్చి మోకాళ్ళు దులుపుకున్నాడు. మేనల్లుడు రెండేళ్ళప్పుడు ఇదే జీపు స్టీరింగు పట్టుకుని ఒళ్ళో కూర్చునేవాడు. హారను కొడితే కేరింతలు కొట్టేవాడు. నిదానానికి పిల్లల్లేరు. ఆ బరువు నాలుక మీద పెట్టుకుని మాట్లాడటం కష్టం.

"నువ్వు గేట్లు బాగా చేస్తావురా," అన్నాడు.

"అంటే?"

"గేటు నిలబడి ఉంటుంది. బండి తిరుగుతుంది. ఆ బండి వాడికి ఫోను చేసి చెప్పు, కొక్కెం పక్కన పగులొచ్చింది, తోలొద్దని."

మేనల్లుడి ముఖం కమిలిపోయింది. వాడు మాట్లాడలేదు, వాడి తల్లి మాట్లాడింది. జీపు వీధి మలుపు తిరక్కముందే ఫోను మోగింది.

"ఏరా తమ్ముడూ, ఊళ్ళో షాపులన్నీ చూసొచ్చే ఓపికుంది నీకు, తోడబుట్టినదాని కొడుకు పనికిరాలేదా?"

"పనికొస్తాడక్కా. మా ఇంటి గేటు వాడి చేతే పెట్టించుకుంటా. కొండకి పెట్టించను."

"ఇదేం మాట్రా? నిన్నెప్పుడైనా ఏదైనా అడిగానా?"

"అడగలేదు. అందుకే వద్దనడానికి ప్రాణం మీదికొస్తోంది. వద్దు అక్కా."

ఫోను జేబులో పెట్టాడు. పొద్దున పైఅధికారికి ఎదురుచెప్పాడు, మధ్యాహ్నం అక్కకు ఎదురుచెప్పాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అనని 'కాదు'లన్నీ కూడబెట్టి ఒక్కరోజులో ఖర్చుపెడుతున్నట్టుంది.

"ఇంకో షెడ్డుంది," అంది నర్సమ్మ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"లేదు."

"ఉంది. నువ్వు పదకొండేళ్ళుగా ఆ వీధి రాకుండా పక్కవీధిలోంచి చుట్టూ తిప్పుతున్నావు. నాకు తెలియదనుకున్నావా?"

గీతల మేస్త్రి షెడ్డు అది. పదకొండేళ్ళ కిందట క్లచ్ కాలిపోతే నిదానం బండి అక్కడికే తోసుకొచ్చాడు. మేస్త్రి లోపలినుంచి నల్లగా మాడిన ప్లేటు తీసి, షెడ్డులో ఉన్న ఏడెనిమిది మంది ముందు పైకెత్తి పట్టుకుని, "ఇది ఇంజను కాల్చింది కాదు, ఈయన ఎడమకాలు కాల్చింది. క్లచ్ మీద పాదం పెట్టి నిద్రపోతాడు" అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఒక డ్రైవరుకు అంతకన్నా పెద్ద తిట్టు లేదు. నిదానం బండి తీసుకుని వచ్చేశాడు, మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

నాలుగు రోడ్ల కూడలిలో జీపు ఆగింది. వెనకనుంచి హారన్లు. నిదానం స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

"నీ పరువు గొప్పదా, నా ప్రాణం గొప్పదా అని అడగనన్నా," అంది నర్సమ్మ. "నువ్వే అడుక్కో."

అతను ఎడమవైపు తిప్పాడు.

షెడ్డు మారలేదు. అదే మట్టినేల, నూనె తాగి నల్లగా రాయిలా గట్టిపడింది. గోడకు స్పానర్లు కొలతల వరసలో వేలాడుతున్నాయి, ఒక్కొక్కదాని వెనక గోడమీద దాని ఆకారం గీసి ఉంది, లేనిది ఏదో ఇట్టే తెలిసేట్టు. మేస్త్రి ముసలివాడయ్యాడు. కుడిచెవి పనిచెయ్యడం లేదేమో, ఎడమచెవి ముందుకు పెట్టి వచ్చాడు. వేళ్ళ సందుల్లో పసుపు రంగు. బిగించిన ప్రతి నట్టుకూ, దాని బోల్టుకూ కలిపి ఒక పసుపు గీత గీస్తాడు. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత రెండుగా విరిగి కనపడుతుంది. ఎవరైనా వంగి చూడొచ్చు, చదువు రానక్కర్లేదు. గీతల మేస్త్రి అయ్యింది అందుకే.

జీపును చూశాడు, మనిషిని చూశాడు.

"ఎడమకాలు వచ్చిందా?" అన్నాడు.

నిదానం దిగాడు. మోకాలు టిక్కుమంది.

"వచ్చింది. పనుంది."

"బండికా, కాలికా?"

"బండికి. కాలికి సాయంత్రంతో సెలవు."

మేస్త్రి ఆ మాటకు నవ్వలేదు. ఒక డబ్బా తిరగేసి వేశాడు కూర్చోమని. ఆఫీసు వాళ్ళు మంజూరు చేసిన జాబితా అడగలేదు. "దారి చెప్పు," అన్నాడు.

"ఏ దారి?"

"నువ్వు పోయే దారి. రాయా, మట్టా? ఎక్కేప్పుడు ఎంత బరువు, దిగేప్పుడు ఎంతమంది? ఎక్కడ చక్రం లేస్తుంది?"

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. పైవాళ్ళు కిలోమీటర్లు అడిగారు, డీజిలు అడిగారు, ఆలస్యమెందుకైందని అడిగారు. నిదానం డబ్బా మీంచి లేచి, సుద్దముక్క అడిగి తీసుకుని, నల్లటి నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని గీయడం మొదలుపెట్టాడు.

మొదటి మలుపు సులువు, చంటిపిల్లలు కూడా తిప్పుతారు. మూడో మలుపులో ఊట ఉంది, ఎండాకాలం కూడా తడే. అయిదు దగ్గర రెండు బళ్ళెదురైతే ఒకటి అరమైలు వెనక్కి పోవాలి. ఏడు. అక్కడ సుద్దను గట్టిగా నొక్కాడు, విరిగింది. ఏడులో ఎడమ చక్రం గాల్లో ఉంటుంది, ఒకటి రెండు అని లెక్కపెట్టేంతసేపు. పదకొండు దాకా గులకరాళ్ళు. పద్నాలుగు దగ్గర ఒక ముసలామె కూర్చుని ఉంటుంది, ఎక్కదు, రక్తపోటు చూపించుకుని వెళ్ళిపోతుంది. పైకి పోయేప్పుడు మందుల పెట్టెలు, ఇద్దరం. దిగేప్పుడు చెప్పలేం, ఒక్కోసారి ఆరుగురు, ఒక్కోసారి వెనక సీట్లో పడుకోబెట్టి ఒక్కరు. ఆ ఒక్కరు ఉన్నప్పుడు బండి ఊగకూడదు.

అతను అంత మాట్లాడటం నర్సమ్మ ఎప్పుడూ చూడలేదు. గీత షెడ్డు గుమ్మం దాకా పోయింది. ఇరవై రెండో మలుపు ఎండలో పడింది.

మేస్త్రి ఎడమచెవి తిప్పుకుని అంతా విన్నాడు. విన్నాక మంజూరు జాబితా అడిగి తీసుకుని, పసుపు కుంచెతో కొట్టేయడం మొదలుపెట్టాడు.

"నాలుగంగుళాలు వద్దు, రెండు చాలు. ఎత్తు పెంచితే ఫొటోకి బాగుంటుంది, వాలులో బోర్లా పడుతుంది. నీ దారికి కావలసింది ఎత్తు కాదు, చక్రం నేలను వీలైనంత వదలకుండా ఉండటం. మెత్తటి పట్టీలు వేస్తా, బ్రేకు గొట్టాలు నాలుగూ పొడుగువి. టైరు ఒక్క సైజు పెద్దది. వించి కావాలి, రేకుకి కాదు, చాసిస్‌కి బోల్టులతో. నెత్తిన లైట్లు తీసెయ్, మీరు రాత్రి పోరు. పక్క సీట్లో ఎవరు?"

"నేను," అంది నర్సమ్మ.

"ఎక్కి కూర్చోమ్మా. ఏడో మలుపులో ఎట్లా పట్టుకుంటావో పట్టుకో."

ఆమె ఎక్కి కూర్చుంది. ఒక చెయ్యి డాష్‌బోర్డు అంచుకు, రెండోది తలుపు కమ్మీకి పోయింది. ఒళ్ళు దానంతటదే కొండ వైపుకి వాలింది, పందొమ్మిదేళ్ళ అలవాటు. మేస్త్రి వంగి, ఆమె పిడికిలి ఎక్కడుందో అక్కడ పసుపు గీత ఒకటి, భుజం ఎత్తులో ఇంకొకటి గీశాడు.

"రెండు పిడులు. ఇది దిగేప్పటికి, ఇది ఎక్కేప్పటికి."

నర్సమ్మ ఏదో అనబోయి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కప్పు హోల్డరు లేదా?" అంది చివరికి.

"మేస్త్రీ," అన్నాడు నిదానం. సుద్ద చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. "ఆ క్లచ్ సంగతి. నిజమే అది."

"నాకు తెలుసు."

"నిద్రపోయి కాదు. ఏడో మలుపులో బండి వెనక్కి జారిన రోజునుంచీ కాలు తియ్యలేకపోయాను. భయం."

మేస్త్రి కుంచె డబ్బాలో పెట్టాడు. "అది ఆ రోజు చెప్పుంటే ప్లేటు పైకెత్తేవాణ్ణి కాదు," అన్నాడు. కాసేపాగి, "ఎత్తకుండా అడిగుండాల్సింది నేను," అన్నాడు.

నాలుగూ ఇరవైకి సూపరింటెండెంటు ఫోను. అద్దాల షాపువాళ్ళు బండి ఇంకా రాలేదంటున్నారట.

"రాదు సార్. గీతల మేస్త్రి దగ్గర పెట్టాను."

"ఆ రేకుల షెడ్డులోనా? వాడికి బోర్డు కూడా లేదయ్యా! ఫొటో ఎక్కడ తియ్యాలి నేను?"

"కొండ మీద తియ్యండి సార్. బండి వస్తుంది. మీరూ రండి, పక్క సీట్లో కూర్చుని."

అవతల గొంతు చల్లబడింది. "చూడూ, నీ పింఛను కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి. ఎంత ఆలస్యమైనా అవ్వచ్చు."

"అవనీయండి సార్. నన్నందరూ నిదానం అనేగా పిలుస్తారు, అలవాటే."

"సరే. రేపు కొత్తాయన వచ్చి రద్దు చేస్తాడులే."

"చెయ్యలేడు సార్. సంతకం పెట్టినవాడే రద్దు చెయ్యాలి. ఆ గడి కింద సన్నక్షరాల్లో ఉంది, చదవండి. అయిదు దాటాక నేను మీ ఉద్యోగిని కాను. ఇంటికొచ్చి అడిగితే చెయ్యను."

ఫోను పెట్టేశాక అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి. జీపు బానెట్ మీద ఫారం మడతలు విప్పి పరిచాడు. కలం తీసుకుని, బళ్ళో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో, ఒత్తులు ఎక్కడా పోకుండా, షెడ్డు పేరు రాశాడు. దానికి బోర్డు లేదు కాబట్టి ఏది పేరో అదే రాశాడు: గీతల మేస్త్రి షెడ్డు. కింద, 'వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ తెచ్చి గీతలు చూపించవలెను' అని మేస్త్రి చెప్పింది చేర్చాడు. ఇంక మిగిలింది సంతకం. తన పేరు రాసుకుని, అదెవరిదో అన్నట్టు ఒకసారి చదువుకున్నాడు. మేస్త్రి బండి అందినట్టు పక్కన వేలిముద్రంత సంతకం పెట్టాడు.

నర్సమ్మ ఫారం అందుకుంది. "ఇది నేను పట్టుకెళ్తా. ఆయన బల్ల మీద పెట్టి, ముద్ర వేయించుకుని గానీ కదలను. బస్సులో పోతా."

"ఊఁ."

"రేపట్నించి ఎవరితో పోట్లాడాలో."

"కొత్తాయన ఉన్నాడుగా. ఆయన ఎడమకాలు ఎక్కడుందో చూస్తుండు. క్లచ్ మీదుంటే చెప్పు."

"నీకూ చెప్పాను. వినలేదు."

"ఆయనకి గట్టిగా చెప్పు."

ఆమె రోడ్డు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ వచ్చింది. మందుల పెట్టె చంక మార్చుకుంది. "ఆ రోజు గోడకేసి ఆనించకపోతే నేనీ పాటికి లేను కదన్నా," అంది మామూలుగా, బస్సెన్నింటికని అడిగినట్టు. అతను తలాడించాడు. ఆమె వెళ్ళిపోయింది.

నిదానం తాళంచెవి మేస్త్రి అరచేతిలో పెట్టాడు. దాని గొలుసు రోజూ వేలాడే చోట లాగు గుడ్డ పలచబడి ఉంది. మేస్త్రి, "పిడులు అతికే రోజు వచ్చి చూస్తావా?" అని అడిగాడు. "రాను. నాకు చూపించొద్దు, ఆమెకి చూపించు," అన్నాడు. ఇంటికెళ్ళే దారి అతనికి జీపు కిటికీలోంచే తెలుసు, నడిచి తెలియదు. గుమ్మం దగ్గర సుద్దతో గీసిన ఇరవై రెండో మలుపును తొక్కకుండా దాటి, వీధిలోకి దిగి, ఎడమ మోకాలు టిక్కుటిక్కుమంటుంటే ఎడమకాలే ముందు వేస్తూ, జనంలో కలిసిపోయాడు.

అయిదయ్యింది. మేస్త్రి జాకీ పెట్టి జీపును లేపాడు, నాలుగు వైపులా ఇనప స్టాండ్లు నిలిపాడు, చక్రాలు ఒక్కొక్కటే ఊడదీసి గోడకు ఆనించాడు. వెనక కుడిపక్క వంగినప్పుడు కాలికి ఏదో తగిలింది. ఒక చెక్కముక్క, ఏటవాలుగా కోసింది, అంచులు అరిగి గుండ్రబడింది. కొండవాలులో బండి ఆపిన ప్రతిచోటా వెనక చక్రం కింద తోసేది. ఈ నేల చదును, గోలీ వేసినా దొర్లదు. అయినా నిదానం దిగగానే ఎప్పటిలా తోసేసినట్టున్నాడు. మేస్త్రి దాన్ని తియ్యబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుని ముందు చక్రాల వైపుకి వెళ్ళిపోయాడు. చక్రం లేని ఖాళీకి వీపు ఆనించి, నల్లటి నేలను కరుచుకుని, చెక్కముక్క అక్కడే ఉంది.